రేమండ్: పేరుకు అర్థం, మన నోట మారిన రూపం

రేమండ్ మగవారి పేరు. ఫ్రెంచి నుంచి ఇంగ్లిషు మీదుగా మనకు వచ్చింది. దీని మూలం పాత జర్మానిక్ భాషల్లో ఉంది: ‘రాగిన్’ అంటే సలహా, ‘ముంద్’ అంటే రక్షణ. మంచి సలహాతో కాపాడేవాడని అర్థం చెబుతారు. ఫ్రెంచిలో చివరి ‘డ్’ పలకరు, ‘రేమోఁ’ అంటారు. మన దగ్గర ఈ పేరు ఎక్కువగా క్రైస్తవ కుటుంబాల్లో వినిపిస్తుంది.

కల్లూరు ఉన్న రాయచూరు జిల్లా 1956 వరకు హైదరాబాద్ రాష్ట్రంలో భాగం. ఆ హైదరాబాద్ నగరంలో ఈ పేరు ఒక పేటకు నిలిచిపోయింది. నిజాం అలీ ఖాన్ కొలువులో మిషెల్ రేమోఁ (1755–1798) అనే ఫ్రెంచి సేనాని ఉండేవాడు. మన ‘గారు’ లాంటి ఫ్రెంచి మాట ‘మొస్యో’ జనం నోట ‘మూసా’ అయింది. హిందువులు ఆయన్ను మూసా రాం అన్నారు, ముస్లింలు మూసా రహీం అన్నారు. మూసారాంబాగ్ పేరు అలా వచ్చిందే గానీ మూసీ నది వల్ల కాదు. ఆయన సమాధి ఆ దగ్గరలోనే ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఉంది.

ఊళ్ల పేర్లు ఏ మతానివని వాదులాడుకునే ఈ రోజుల్లో ఇది గుర్తుంచుకోదగ్గ సంగతి. పరాయి దేశపు క్రైస్తవుడి పేరును ఇక్కడి ఇరు మతాలవారూ తమ దేవుడి పేరుతో కలిపి పిలుచుకున్నారు.