‘స్పీక్ నో ఈవిల్’: పోస్ట్-బాప్ జాజ్‌లో ఒక మజిలీ

1940లలో వేగమే ప్రాణంగా పుట్టిన బీబాప్ నుంచి, బ్లూస్ ఛాయ హెచ్చుగా గల హార్డ్‌బాప్ నుంచి ఎదిగి, స్వేచ్ఛను కోరుతూనే తాళ నిర్మాణాన్ని పూర్తిగా వదులుకోని 1960ల జాజ్ ధోరణిని పోస్ట్-బాప్ అంటారు. 1964 డిసెంబరు 24న, న్యూజెర్సీలోని ఎంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో రూడీ వాన్ గెల్డర్ స్టూడియోలో, శాక్సఫోన్ విద్వాంసుడు వేన్ షార్టర్ బ్లూ నోట్ సంస్థకు రికార్డు చేసిన ‘స్పీక్ నో ఈవిల్’ ఆ ధోరణికి మేలిమి ఉదాహరణ.

ఈ ఆల్బమ్‌లోని ఆరు రచనలూ షార్టర్‌వే. వాటిలో కుమార్తెను తలచి కూర్చిన ‘ఇన్‌ఫంట్ ఐస్’ ప్రత్యేకంగా వినదగినది. జాజ్ పాటలు సాధారణంగా ఎనిమిదేసి బార్ల, అంటే తాళ విభాగాల, ఖండాలుగా సాగుతుండగా, ఇందులో ఒక్కో ఖండానికి తొమ్మిది చొప్పున మొత్తం 27 బార్లు ఉంటాయి. ట్రంపెట్ వాదకుడు ఫ్రెడ్డీ హబ్బర్డ్ మౌనం వహించగా, శాక్సఫోన్ దీర్ఘస్వరాలపై నిలుస్తుంటే, కింద హెర్బీ హాన్‌కాక్ పియానోలో కార్డులు, అంటే ఒకేసారి పలికే స్వరగుచ్ఛాలు, మారుతూ పోవడం వల్ల, నిలిచిన స్వరానికే కొత్త రంగులు అబ్బుతాయి. ఆ అదనపు బారు లెక్కగా తోచదు, ఊపిరి పీల్చుకున్నట్టే ఉంటుంది; రచనా కౌశలమంటే ఇదే.

హాన్‌కాక్, బాస్ వాదకుడు రాన్ కార్టర్, షార్టర్ అప్పటికి ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ బృందసభ్యులు కాగా, డ్రమ్స్ వాయించిన ఎల్విన్ జోన్స్ అదే నెల 9న అదే స్టూడియోలో శాక్సఫోన్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్‌తో ‘ఎ లవ్ సుప్రీమ్’ ఆల్బమ్ రికార్డు చేసినవాడు. షార్టర్ ఆల్బమ్ మాత్రం 1966లో గాని వెలువడలేదు.