బెల్టు మొత్తం లాగితే బయటపడింది

డోరు తీయగానే మల్లెపూల సెంటు గుప్పుమంది.

కొనడానికి వచ్చినాయనకు ముచ్చటేసింది. వెంట వచ్చిన బావమరిది మాత్రం ముక్కు చిట్లించాడు. విజయవాడ ఆటోనగర్‌లో చిన్నప్పటి నుంచీ ఇంజన్లు విప్పి బిగించే మనిషి. జనవరి పొద్దు. ఎనిమిది దాటినా మంచు విడలేదు. ఇబ్రహీంపట్నం రింగు దగ్గర లారీల హారన్లు వినపడుతున్నాయే గానీ లారీలు కనపడట్లేదు, థర్మల్ గొట్టాలు సగం దాకే ఉన్నాయి, పై సగం మంచు మింగేసింది, ఆ మసకలో యార్డులో వరసగా నిలబెట్టిన కార్లన్నీ ఒకే రంగులో ఉంటే ఈ తెల్ల కారు ఒక్కటీ టైర్లకు కూడా పాలిష్ కొట్టించుకుని పెళ్లికొడుకులా మెరిసిపోతోంది.

"ఇంత చలిలో నాలుగద్దాలూ దించి పెట్టావేంటన్నా?" బావమరిది అడిగాడు.

యార్డు యజమాని నవ్వాడు. జవాబు చెప్పలేదు.

"డాక్టర్ గారి బండి. 2019 జనవరిలో కొన్నారు. సింగిల్ హ్యాండ్. ఆదివారం గుడికి తప్ప బయటికి తియ్యలేదు. నాలుగు తొంభై. ఫిక్స్." అదే మోడల్, అదే ఏడాది బండి బయట ఆరు లక్షలకు తక్కువ లేదు. ఆ సంగతి కొనేవాడికి తెలుసు. పై జేబులో ఇరవై వేలు టోకెన్ డబ్బులున్నాయి. చెయ్యి మాటిమాటికీ జేబు మీదికే పోతోంది.

"కాసేపట్లో నందిగామ పార్టీ వస్తోందన్నా. మీరు ఊఁ అంటే వాళ్లను రావద్దంటా."

ఫోన్ కూడా చేతిలోకి తీసుకున్నాడు.

"ఒక్క పది నిమిషాలు బావా" అని బావమరిది నేల మీద గొంతుకు కూర్చున్నాడు. హెడ్‌లైట్ అద్దం మీద చెమ్మ. చొక్కా చేత్తో తుడిచాడు. పోలేదు. మళ్లీ తుడిచాడు. చెమ్మ లోపలుంది.

"మంచన్నా. అన్ని బండ్లకీ పడుతోంది."

"మంచు బయట పడుతుంది గదా" అన్నాడు మెల్లగా. లేచి సీటు వెనక్కి జరిపాడు. కీచుమంది. ఫోన్ టార్చి వేసి సీటు కిందకు వంగాడు. కార్పెట్ కొత్తది, ఇంకా గోందు వాసన వస్తోంది. స్టీరింగ్ తోలు అరిగిపోయి ఉంది, గేర్ రాడ్ మీద అంకెలు చెరిగిపోయాయి, కార్పెట్ మాత్రం నిన్న పరిచినట్టుంది. సీటు పట్టాల బోల్టులు ఎర్రగా తుప్పు.

"తుప్పేంటి?"

"బందరులో తిరిగిన బండి. ఉప్పు గాలి."

"ఇందాక గుడికి తప్ప తియ్యలేదన్నావు?"

యజమాని ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు. బావమరిది డ్రైవర్ సీటు బెల్టు పట్టుకుని లాగడం మొదలెట్టాడు. మనం పెట్టుకునేటప్పుడు లాగినంత కాదు. ఇంకా. ఇంకా. చివరి చుట్ట దాకా.

నల్ల పట్టీ మీద, అడుగు భాగాన, మట్టి రంగులో ఒక అడ్డగీత.

ఆ గీత ఎక్కడిదో తెలియాలంటే నాలుగున్నర నెలలు వెనక్కి వెళ్లాలి.

2024 ఆగస్టు 31, శనివారం. బెజవాడ మీద ఆకాశం చిల్లుపడ్డట్టు కురిసింది. మొగల్రాజపురంలో కొండచరియ విరిగి ఇళ్ల మీద పడింది. ఎగువ నుంచి బుడమేరు ఉరుకుతోంది. ఆ ఏటికి మామూలుగా ఒక పక్కదారి ఉంది. వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర మళ్లించి, డైవర్షన్ ఛానల్లో నడిపించి, ఇదే ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర కృష్ణలో కలుపుతారు. ఆ రాత్రి ఆ దారి పనిచెయ్యలేదు. కృష్ణే నిండి పొంగుతోంది, ఛానల్ నీళ్లను తీసుకోనంది, నీళ్లు వెనక్కి తన్నాయి, కొండపల్లి, కవులూరు వైపు ఎడమ గట్టుకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి, అంతే, ఏరు తన పాత దారి గుర్తు తెచ్చుకున్నట్టు తిన్నగా బెజవాడ మీదికి తిరిగింది.

ఆ పాత దారిలో ఇప్పుడు కాలనీలున్నాయి.

సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట, జక్కంపూడి కాలనీ. ఆదివారం తెల్లారేసరికి మోకాళ్ల లోతు. కాసేపటికి నడుము. తర్వాత లెక్క లేదు. అన్నిటికంటే ముందు నిండినవి అపార్టుమెంట్ల సెల్లార్లు. నీళ్లు తగిలి వైర్లు షార్టయ్యి ఎవరూ నొక్కకుండానే హారన్లు మోగాయి, మునిగిన బండ్ల హెడ్‌లైట్లు బురద నీళ్ల కింద పచ్చగా వెలిగి ఆరాయి. సెప్టెంబర్ 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు నమోదైంది. 1957లో బ్యారేజీ కట్టాక అంత నీరు ఎప్పుడూ రాలేదు. కొట్టుకొచ్చిన పడవలు గేట్లను గుద్దాయి. సైన్యం దిగి, మూడో గండి పూడ్చేసరికి 7వ తేదీ. ఆ తర్వాత కూడా కొన్ని వీధుల్లో నీళ్లు రోజుల తరబడి కదల్లేదు.

రోజుల తరబడి నీళ్లలో నిలబడిన కారుకు ఏమవుతుంది?

చాలామందికి ఇంజనే గుర్తొస్తుంది. తాళం తిప్పితే గాలి పోవాల్సిన సిలిండర్లోకి నీళ్లు పోతాయి. గాలి నొక్కితే నలుగుతుంది, నీళ్లు నలగవు. పిస్టన్ ఆగిపోతుంది, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. మునిగిన బండి స్టార్ట్ చెయ్యొద్దని ఇన్సూరెన్స్ వాళ్లు మొత్తుకునేది అందుకే. అలా స్టార్ట్ చేసి ఇంజన్ పోతే, విడిగా ఇంజన్ ప్రొటెక్షన్ కవర్ తీసుకోని పాలసీల్లో పైసా రాకపోవచ్చు. కానీ ఇంజన్ని విప్పి బాగుచెయ్యొచ్చు. అసలు గండం వైర్లలో ఉంటుంది. కార్పెట్ కింద, సీటు కింద, డాష్‌బోర్డు వెనక వేల కనెక్షన్లు. బురద నీళ్లు తగిలిన రాగి వెంటనే చెడిపోదు. నెలల మీద మెల్లగా పచ్చబడుతుంది, తినుకుపోతుంది, ఒకరోజు తెగుతుంది.

ఏ రోజో ఎవరికీ తెలియదు.

నీళ్లు తీశాక బండ్లు తోవ పట్టాయి. ముంపు బాధితులకు ప్రభుత్వం బైకుకు 3,000, ఆటోకు 10,000 సాయం ప్రకటించింది. కార్లవాళ్లకు ఇన్సూరెన్సే దిక్కు. రిపేరు ఖర్చు బండికి కట్టిన విలువలో 75 శాతం దాటితే కంపెనీలు 'టోటల్ లాస్' కింద తేలుస్తాయి. ఓనరుకు డబ్బులిస్తారు. బండి ఆన్‌లైన్ వేలానికి పోతుంది. కొన్నవాడు ముక్కలుగా అమ్ముకోవచ్చు, బాగుచేసి ముంపు బండి అని చెప్పి అమ్ముకోవచ్చు. అందులో తప్పేం లేదు. చెప్పకపోవడమే తప్పు. ఇక నడవదని తేలిన బండి సంగతి 14 రోజుల్లో రవాణా శాఖకు చెప్పి ఆర్సీ రద్దు చేయించాలని మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ అంటోంది. రద్దు చేయించకుండా వదిలేసిన ఆర్సీ రవాణా శాఖ యాప్‌లో నిక్షేపంలా 'యాక్టివ్' అని చూపిస్తుంది. కాగితం మునగలేదు గదా!

యార్డు పేరు ఇక్కడ అక్కర్లేదు. ఈ ముగ్గురూ కూడా ఫలానా మనుషులు కారు, ఇలాంటి బేరాల్లో నిలబడే అందరినీ కలిపి గీసిన మనుషులు. నీళ్లు, గండ్లు, తేదీలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

"డిక్కీ తియ్యన్నా" అన్నాడు బావమరిది.

స్టెప్నీ ఎత్తాడు. దాని కింద గుంటలో బూడిద రంగు పొడి, మూలల్లో గట్టకట్టి ఉంది.

యజమాని ఈసారి తడుముకోలేదు. "థర్మల్ బూడిద. ఈ ఊళ్లో ఎవరి డిక్కీ తీసినా ఇదే!"

నిజమే. నార్ల తాతారావు థర్మల్ స్టేషన్ నీడలో బతికే ఊరికి బూడిద కొత్త కాదు. కొనేవాడు ఊపిరి పీల్చుకున్నాడు. చెయ్యి మళ్లీ జేబు మీదికి పోయింది.

బావమరిది చిటికెడు తీసి అరచేతిలో వేసుకున్నాడు. సీసాలో నీళ్లు రెండు చుక్కలు పోశాడు. వేళ్ల మధ్య నలిపాడు. బూడిదైతే జారిపోవాలి. ఇది అంటుకుంది. జిగురు. ఒండ్రు. అందులో ఎండిన గడ్డిపోచ ఒకటి.

"ఇగ్నిషన్ ఆన్ చెయ్యి బావా. స్టార్ట్ చెయ్యకు. దీపాలు వెలిగే మెట్టు దాకా తాళం తిప్పు, చాలు."

డాష్‌బోర్డు మీద దీపాలన్నీ వెలిగాయి. బ్యాటరీ. ఆయిల్. ఏబీఎస్. ఒకటొకటే చూపించాడు. "ఎయిర్‌బ్యాగ్ దీపం ఏది?"

లేదు.

"తాళం తిప్పగానే అది వెలగాలి, కొన్ని సెకన్లకు ఆరిపోవాలి. ఆరకపోతే లోపల ఏదో పోయిందని. అసలు వెలగనే లేదంటే, వెలుగుతూనే ఉందని ఎవరో దాని నోరు నొక్కేశారని."

యార్డులో మాట లేదు. రోడ్డు మీద లారీ ఒకటి గేరు మార్చింది.

యజమాని గొంతు సవరించుకున్నాడు. "సరే. అన్నా, మనలో మనం. మూడు ఎనభైకి తీసుకోండి."

ఒక్క దెబ్బకు లక్షా పదివేలు తగ్గింది. కొనేవాడి కళ్లు మెరిశాయి. అక్కడే అందరూ పడేది. ఇందాకటి దాకా బండి మీదున్న అనుమానం ధర తగ్గగానే ఆశగా మారుతుంది. "రిపేర్లకు ఓ యాభై పెట్టుకున్నా..." అన్నాడు నోట్లోనే.

బావమరిది వాదించలేదు. "ఇన్సూరెన్స్ కాగితం చూపించన్నా" అన్నాడు.

యజమాని బల్ల సొరుగు లాగి ఇచ్చాడు. పాలసీ 2024 నవంబర్ నుంచి. నో క్లెయిమ్ బోనస్ సున్నా.

"జనవరిలో కొన్న బండికి పాలసీ నవంబర్లో మొదలైందేంటి? అయిదేళ్లు క్లెయిమ్ చెయ్యని సింగిల్ ఓనరైతే బోనస్ యాభై శాతం ఉండాలి గదా. బండి చేతులన్నా మారి ఉండాలి, క్లెయిమన్నా చేసి ఉండాలి. ఏది అబద్ధం? ఛాసిస్ నంబర్ ఇవ్వు, కంపెనీ షోరూంలో సర్వీస్ హిస్టరీ తీయిద్దాం. ఆర్టీవో ఇచ్చిన డీలర్ సర్టిఫికెట్ ఏది? 29బి ఫారం? 2023 ఏప్రిల్ నుంచి పాత బండ్ల డీలర్లకు అది ఉండాలి."

"అన్నన్ని రూల్స్ మాట్లాడేవాళ్లకు నేను అమ్మను" యజమాని పాలసీ లాక్కున్నాడు.

కొనేవాడు అప్పటికీ కదల్లేదు. బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. వెనక సీటు మీద చెయ్యి వేశాడు, ఇద్దరు పిల్లలు కూర్చునే చోట. హైదరాబాద్ రోడ్డు మీద వందలో పోతుంటే వైరు తెగడం ఎలా ఉంటుందో ఎవరూ వర్ణించక్కర్లేదు. జేబులోంచి చెయ్యి తీశాడు.

"పద రా."

గేటు దాటుతుంటే ఎదురుగా ఆటో ఆగింది. ఓ పెద్దాయన, కోడలు, కొడుకు. కోడలి చేతిలో కవరు, అందులో కొబ్బరికాయ, నాలుగు నిమ్మకాయలు. నందిగామ పార్టీ అబద్ధం కాదన్నమాట. పూజ సామాను కూడా తెచ్చుకున్నారు.

వెనక నుంచి యజమాని చూస్తూనే ఉన్నాడు. బావమరిది ఆటో దగ్గర ఒక్క క్షణం నిలబడ్డాడు. "బాబాయ్ గారూ, తెల్ల బండే గదా? సీటు బెల్టు మొత్తం బయటికి లాగి చూడండి. స్టెప్నీ ఎత్తండి. అప్పుడు డబ్బులివ్వండి."

పెద్దాయన కొడుకు వైపు చూశాడు. కొడుకు యార్డు వైపు చూశాడు.

నిమ్మకాయలు తొక్కించేశాక అది ముంపు బండని తెలిసిందా? అప్పుడూ దారి ఉంది. బేరం నాటి ప్రకటన, వాట్సాప్ మాటలు, రసీదు, పాలసీ కాపీ దాచుకోండి. మెకానిక్ చేత రాతపూర్వకంగా రిపోర్టు తీసుకోండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చెయ్యండి. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. రెండేళ్ల లోపు ఫిర్యాదు చెయ్యాలి. బండికి కట్టిన సొమ్ము 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు.