పాత లేత్ యంత్రం ఎంపిక

లేత్ అనగా తిరుగుచున్న లోహపు ముక్కను టూల్‌తో చెక్కి గుండ్రని ఆకారమునకు తెచ్చు యంత్రము. ఇంటి వర్క్‌షాపు కొరకు పాతది కొనునపుడు మొదట చూడవలసినది బెడ్. రంగును బట్టి ఏమియు తెలియదు. పాత యంత్రమునకు కొత్త రంగు వేయుట ఒక్కరోజు పని.

పని ఎక్కువగా చక్ దగ్గరనే జరుగును గనుక బెడ్ అక్కడే అధికముగా అరుగును. క్యారేజీని చక్ సమీపమున ఉంచి, కదలిక లేకుండా గిబ్ స్క్రూలు సరిచేసి, టెయిల్‌స్టాక్ వైపు నడపవలెను. దారిలో బిగుసుకొనినచో బెడ్ అరిగినట్లే. దానిని మరల గ్రైండింగ్ చేయించుట చిన్న యంత్రమునకు సాధారణముగా గిట్టుబాటు కాదు. స్పిండిల్ ఊగుడును డయల్ గేజితో పరీక్షించవలెను. గేరుబాక్సు లేని యంత్రములో చేంజ్ గేర్లు పోయినచో కోరిన త్రెడ్లు కోయుట సాధ్యపడదు.

1953లో స్థాపించబడిన హెచ్.ఎం.టి. వారి హెచ్-22 వంటి ఫ్యాక్టరీ లేత్‌లు దృఢమైనవే గాని ఇంటికి మిక్కిలి బరువు.

రంగారెడ్డి జిల్లాలోని చేవెళ్ళ, మొయినాబాదు వంటి మండలాలలో విద్యుత్తును గూడ గమనించవలెను. ఫ్యాక్టరీ లేత్‌ల మోటార్లు సాధారణముగా త్రీఫేజ్‌వి; ఇండ్లకు ఎక్కువగా సింగిల్ ఫేజ్ ఉండును. పొలములోని బోరు కనెక్షన్ త్రీఫేజే అయినను, దానితో లేత్ నడుపుట 2003 విద్యుత్ చట్టము 126వ సెక్షను క్రింద అనధికార వినియోగమగును. సింగిల్ ఫేజ్ మోటారు బిగించుట, లేదా చిన్న మోటారైనచో వి.ఎఫ్.డి. అమర్చుట సరియైన మార్గము.