పడుచు చెట్టుకి ముసలి వేషం

1793లో ఇంగ్లండు రాజు పంపగా మెకార్ట్నీ ప్రభువు వర్తక ఒప్పందం కోసం చైనా చక్రవర్తి దర్శనానికి వెళ్ళాడు. ఒప్పందం కుదరలేదు, వట్టి చేతులతో తిరిగొచ్చాడు. ఆయన వెంట కార్యదర్శిగా వెళ్ళిన జార్జ్ స్టాంటన్ మాత్రం 1797లో పెద్ద యాత్రా గ్రంథం అచ్చువేయించాడు. దర్బారు మర్యాదలు, ఓడల లెక్కలు, కాలవల కొలతల నడుమ అందులో ఒక చిన్న సంగతి ఉంది. అది చదివిన రోజున నాకు వేరే పని తోచలేదు.

చైనా తోటమాలులు కుండీలో పెంచే మరుగుజ్జు చెట్టు మాను పాతబడినట్టు కనిపించాలంటే, దాని బెరడుకి బెల్లపు మడ్డి పూస్తారట. తీపి వాసనకి చీమలు బారులు కడతాయి. మడ్డి కోసం బెరడును కొరుకుతూ పోతాయి. కొన్నాళ్ళకి మాను గుంటలు పడి, చెక్కులు లేచి, ఎన్ని గాలివానలు చూసిందో అనిపించేలా తయారవుతుంది. కూలి అడగని పనివాళ్ళని పెట్టి ముసలితనం చెక్కించుకున్నారన్న మాట!

బోన్సాయ్ అనగానే మనకి వందల ఏళ్ళ చెట్టు, దాని ముందు గడ్డం నిమురుకుంటూ ఓ జపాను తాతగారు గుర్తొస్తారు. ఓపికకి మారుపేరని చెబుతారు. చీమల సంగతి తెలిశాక నాకు ఆ మాట మీద అనుమానం మొదలైంది. తీగలు చుట్టి వంచడం, చిగుళ్ళు గిల్లడం తర్వాతి ముచ్చట. అసలు ఆ కుండీలోకి వచ్చే నారు ఎక్కడిది? పిల్ల మొక్కని ముందు ఎవరు పెంచారు, ఎలా పెంచారు? ఈ వైపు నుంచి చూస్తే బోన్సాయ్ చరిత్రలో ఓపిక ఎంతుందో, కాలాన్ని దొంగదారిన దాటే ఉపాయాలూ అంతే ఉన్నాయి.

వాటిలో అన్నిటికన్నా తెలివైనదాన్ని కూడా స్టాంటనే రాసిపెట్టాడు. పెద్ద చెట్టు మాను కొమ్మలుగా చీలే చోటికి కాస్త దగ్గర్లో తడిమట్టి పట్టించి, ముతక గుడ్డ చుట్టి, ఆ మట్టి ఆరకుండా నీళ్ళు పోస్తూ ఉంటారు. ఒక్కోసారి ఏడాది దాటేదాకా. లోపల సన్నటి వేళ్ళు పుడతాయి. అప్పుడు వేళ్ళ కింద కోసి కొత్త మట్టిలో నాటితే, నిన్నటిదాకా కొమ్మగా ఉన్నది ఇవాళ మాను అయిపోతుంది.

దానిమ్మ, నిమ్మ, జామ పెంచేవాళ్ళకి ఇందులో వింతేమీ కనిపించదు. మన నర్సరీల్లో రోజూ కట్టే గాలి అంటు ఇదే. వేలెడు లావు కొమ్మ చూసుకుని, దాని మందానికి ఒకటిన్నర రెట్ల వెడల్పున బెరడును ఉంగరంలా ఒలుస్తారు. ఒలిచాక కనిపించే తెల్లటి కర్ర మీద జారుడుగా ఓ పలచటి పొర మిగులుతుంది. దాన్ని కత్తి వీపుతో గీకెయ్యాలి. గీకకపోతే చెట్టు ఆ పొరతోనే వంతెన కట్టుకుని గాయం పూడ్చేసుకుంటుంది, వేరు పుట్టదు. తడి నాచు గుప్పెడు పెట్టి, పాలిథీన్ చుట్టి, రెండు చివరలా బిగిస్తారు. ఆకులు వండిన పిండిపదార్థం బెరడు దారినే కిందికి దిగాలి. దారి తెగింది కనక గాయం పైఅంచున పోగుపడుతుంది, వేళ్ళు పుట్టించే హార్మోనూ అక్కడే నిలుస్తుంది. పై పెదవి ఉబ్బి, దాన్లోంచి తెల్లటి వేళ్ళు పొడుచుకొస్తాయి. అవి పాలిథీను చాటున గోధుమరంగు తిరిగాక కింద రంపం పెడతారు.

మనం ఈ పని తొందరగా కాపు కోసం చేస్తాం. చైనా తోటమాలి వయసు కోసం చేశాడు. కొమ్మ వయసు తల్లిచెట్టు వయసే. అప్పటికే పూతకొచ్చిన కొమ్మని దింపితే, జానెడు చెట్టు కుండీలోకి వచ్చిన మరుసటేడే పూస్తుంది, కాస్తుంది. చూసినవాడు దాన్ని పిల్లమొక్క అనుకోడు. విత్తు నుంచి మొదలుపెట్టినవాడు ఇరవై ఏళ్ళు కాచుకోవలసిన చోటికి ఇతను ఏడాదిలో చేరిపోయాడు.

ఈ బ్రిటిషువాళ్ళ దండు మీద నాకు కాస్త ఎక్కువ మక్కువ. ఏది కనబడినా ముక్కు దూర్చి చూసి, రాసుకుని, ఇంటికి పంపేవాళ్ళు. మకావులో ఉన్న ఈస్టిండియా కంపెనీ వైద్యుడు జాన్ లివింగ్‌స్టన్ 1820ల తొలినాళ్ళలో లండన్ ఉద్యాన సంఘానికి చైనా మరుగుజ్జు చెట్ల మీద ఏకంగా ఒక వ్యాసం పంపాడు. ఈ పనికి అక్కడివాళ్ళు ఎల్మ్ చెట్టుని బాగా ఇష్టపడతారనీ, కొమ్మకి బెరడు ఒలిచి మట్టి కడతారనీ వివరంగా చెప్పాడు.

ఆయన తర్వాత వచ్చిన రాబర్ట్ ఫార్చూన్ మనకి ఇంకో దారిలో చుట్టం. చైనా నుంచి తేయాకు మొక్కల్ని గాజుపెట్టెల్లో పెట్టి, కంపెనీ కోసం హిమాలయాల దిగువకి చేరవేసిన ఘనుడు ఇతనే. అంతకుముందు 1843లో మొదటిసారి చైనాలో దిగినప్పుడు కాంటన్ దగ్గరి ఫా-తీ తోటల్లో తిరిగాడు. మరుగుజ్జు చెట్టు రహస్యమేమిటంటే, అన్నిటికన్నా చిన్న మొక్కల నుంచి అన్నిటికన్నా చిన్న విత్తనాలు ఏరుకోవడమని విన్నాడట. తన కళ్ళతో చూడలేదు గనక ఆ మాటకి తాను పూచీ పడనని ఫార్చూన్ రాసుకున్నాడు. మంచి పని చేశాడు. కుండీలో గిడసబారిన రావిచెట్టు విత్తు తీసుకెళ్ళి నేలలో వేస్తే ఊరి రచ్చబండంత రావి లేస్తుంది. కుండీ చేసే పొట్టితనం విత్తులోకి దిగదు. తోటమాలులు విదేశీయుణ్ణి ఆట పట్టించి ఉంటారని నా గట్టి నమ్మకం. ఎందుకంటే వాళ్ళు నిజంగా చేస్తున్న పని కూడా ఫార్చూన్ చూశాడు. తోటలో పెరుగుతున్న వాటిలోంచి పిలకలూ, గిడసబారిన మొక్కలూ, పక్కకొమ్మలు వరసగా ఎదురెదురుగా ఉన్నవీ ఏరి పక్కన పెట్టుకునేవాళ్ళు. మంచి నారు ఏరేవాడు ఇవాళ్టికీ అదే చూస్తాడు.

ఇంకో పిట్టకథ చెప్పకుండా ముందుకి పోలేను. 1826లో జపానులోని దెజిమా డచ్చి స్థావరం అధిపతి మేలాన్ ఒక పెట్టె చూశాడు. అంగుళం చదరం, మూడంగుళాల ఎత్తు. అందులో ఒక వెదురు, ఒక దేవదారు జాతి మొక్క, విరబూసిన ప్లమ్ చెట్టు. వెల 1200 గిల్డర్లు. అలాంటి పెట్టె గురించే రాసిన ఫిషర్ అనే ఇంకో డచ్చాయన కొలతలు మాత్రం ఇంతకన్నా పెద్దవి. నేను ఫిషర్ పక్షమే. అయినా ఆ ప్లమ్ పూసిందంటే పూతకొచ్చిన కొమ్మనే అంటుకట్టి దింపి ఉంటారు, పెట్టె ఎంతదైనా సరే.

వీటికి ముందరి వెయ్యేళ్ళని నాలుగు వాక్యాల్లో దాటేస్తాను. 706 నాటి చైనా రాకుమారుడు లీ షియన్ సమాధి గోడ మీద పరిచారకులు రాళ్ళూ మొక్కలూ ఉన్న పళ్ళెం పట్టుకుని నడుస్తారు. జపానులో 1309 నాటి కసుగా చిత్రపటంలో ధనికుడి ఇంటి ముంగిట పళ్ళేల చెట్లు ఉన్నాయి. ‘నో’ అనే జపాను సంప్రదాయానికి చెందిన ఒక ప్రసిద్ధ నాటకంలో పేద సమురాయ్ చలిలో వచ్చిన అతిథి కోసం తన మూడు కుండీ చెట్లనీ నరికి మంట వేస్తాడు. గీసినవాడికి పళ్ళెం ముద్దు, రాసినవాడికి త్యాగం ముద్దు, నారు సంగతి ఎవడికీ పట్టలేదు.

ఆ నారు పోసే ఊళ్ళని వర్ణించడానికి 1860లో మళ్ళీ ఫార్చూనే రావలసి వచ్చింది. ఇప్పటి టోక్యోని అప్పుడు ‘ఎదో’ అనేవారు. దాని శివారు సొమెయిలో మైలుకి పైగా సాగిన తిన్నటి దారికి రెండు వైపులా నర్సరీలే. అమ్మకానికి ఇన్ని మొక్కలు పెంచే చోటు ప్రపంచంలో ఇంకెక్కడా చూడలేదని రాశాడు. మన కడియం నర్సరీల దారిలో వెళ్ళినవాళ్ళు ఆ దృశ్యాన్ని సులువుగానే ఊహించుకోగలరు. సొమెయి వాసి ఇతో ఇహెయి అప్పటికి నూట అరవై ఏళ్ళకి పైగా ముందే, 1692లో, అజేలియా రకాల మీద బొమ్మలతో పుస్తకం వేశాడు. నర్సరీవాడే రచయిత! ఆ తోటలు నగరం కింద పడి మాయమయ్యాయి. ఊరి పేరు ఒక చెర్రీ రకానికి అంటుకుని మిగిలింది. జపాను అంతటా పూసే సొమెయి యొషినో చెట్లన్నీ అంటుకట్టిన ఒకే చెట్టు నకళ్ళు. పోయిన వాటిలో నాకు బాగా బాధ కలిగించేది ఆ వీధే.

1923 భూకంపం తర్వాత టోక్యో బోన్సాయ్ తోటమాలులు మంచి నీళ్ళూ గాలీ వెతుక్కుంటూ ఒమియాకి వలసపోయి, 1925లో బోన్సాయ్ పల్లె కట్టుకున్నారు. అప్పట్లో అక్కడ ఉండాలంటే కనీసం పది బోన్సాయ్‌లు ఉండాలి, మేడ కట్టకూడదు, గేటు అందరికీ తెరిచి ఉంచాలి అని నియమాలు ఉండేవి. పేరంతా ఆ ఊరికే వచ్చింది. కానీ ఒమియా తీర్చిదిద్దే చోటు. ముడిసరుకు వేరే చోట్ల నుంచి వచ్చేది.

చాలాకాలం ఆ చోటు కొండ. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జపానులో ఇతోయిగావా అనే ఊరి దగ్గరి సున్నపురాతి కొండచరియల మీద మెలికలు తిరిగిన జూనిపర్లు కనబడ్డాయి. గాలీ మంచూ వందల ఏళ్ళు పని చేసి సగం మానుని ఎముకలా తెల్లగా చేసిన చెట్లు. తాళ్ళు కట్టుకుని దిగి తవ్వారు. కొందరు జారిపడి చచ్చిపోయారు. కొన్ని దశాబ్దాల్లో చరియలు ఖాళీ అయ్యాయి. ఇదొక దోపిడీ అని మొహమాటం లేకుండా అనాలి. కొండ తిరిగి ఇవ్వలేనిది తెచ్చుకుని, పళ్ళెంలో పెట్టి, ప్రకృతి ప్రేమ అన్నారు. ఇప్పుడు మార్కెట్లో ఇతోయిగావా పేరుతో దొరికే పిల్లమొక్కలు దాదాపు అన్నీ ఆ చెట్ల కొమ్మ ముక్కలు నాటి వేరు పట్టించినవే.

షికోకు దీవిలో తకమత్సు నగరం పక్కన కినాషి, కొకుబున్‌జీ అనే పల్లెలున్నాయి. జపాను పైన్ బోన్సాయ్‌లో సుమారు 80 శాతం వీటిదే. అక్కడా రెండొందల ఏళ్ళ కిందట సముద్రపొడ్డున రాళ్ళలో మొలిచిన పైన్ మొక్కల్ని తవ్వి కుండీలో పెట్టడంతోనే మొదలైంది. కానీ వాళ్ళు తవ్వకం దగ్గర ఆగలేదు. వాన తక్కువ, ఇసక నేల, నీరు నిలవదు. రైతులు పైన్‌ని పంటగా పెట్టారు. నారు లేతగా ఉండగానే తీగ చుట్టి మెలి తిప్పి, పొలంలో వరసలుగా నాటుతారు. కొన్నేళ్ళకోసారి తవ్వి కింది వేళ్ళు కత్తిరిస్తారు, పక్కకి పాకేవి వదులుతారు. మాను లావెక్కడానికి ఒక కొమ్మని మాత్రం తలకి మించి ఎదగనిస్తారు. లావు వచ్చాక దాన్ని నిర్దయగా నరికేస్తారు. మచ్చ మానడానికి మళ్ళీ కొన్నేళ్ళు. ఒక్క పైన్ పొలం దాటేసరికి ఇంట్లో పిల్లాడు పెళ్ళీడుకొస్తాడు.

ప్రదర్శనలో చెట్టు పక్కన యజమాని పేరు ఉంటుంది, తీర్చిన గురువు పేరు చెబుతారు. పొలంలో పదిహేనేళ్ళు వంగిన రైతు పేరు ఎవరూ అడగరు. వాషింగ్టన్‌లో యమాకి పైన్ అనే చెట్టుంది. 1625 నుంచి దాని వయసు లెక్క. హిరోషిమా బాంబు పడిన చోటికి మూడు కిలోమీటర్ల దూరంలో గోడ చాటున బతికింది. యమాకి కుటుంబం దాన్ని 1976లో అమెరికాకి బహుమతిగా ఇచ్చినప్పుడు బాంబు ఊసే ఎత్తలేదు. 2001లో మనవలు చూడ్డానికి వచ్చినప్పుడే అక్కడివాళ్ళకి తెలిసింది. యమాకి పేరు చెట్టుకి నిలిచింది, న్యాయమే. మొదట ఆ మొక్కని మట్టిలోంచి తీసిన చేతికి మాత్రం పేరు లేదు.

ఇప్పుడు హైదరాబాద్‌లోనూ కడియంలోనూ ఏ నర్సరీకి వెళ్ళినా కనబడే, చిలగడదుంపల్లాంటి వేళ్ళతో కూర్చున్న ఫైకస్ బోన్సాయ్‌ని ఈ వరసలో చివర పెట్టాలి. దాని స్వస్థలం చైనాలో ఫుజియన్ రాష్ట్రపు ఝాంగ్‌ఝౌ ప్రాంతం. విత్తు వేసి, నేలలో వేరు దుంపలా ఊరేదాకా పెంచి, తవ్వి, వేళ్ళని నేల పైకి ఎత్తి నిలబెడతారు. తల కోసేసి, చిన్న ఆకుల రకాన్ని మొండేనికి అంటుకడతారు. కొనేటప్పుడు పైకొమ్మల మొదట్లో ఆ అతుకు చూడండి. అతుకు కింద నుంచి పెద్ద ఆకులతో ఒక చిగురు లేస్తుంది. ముద్దొచ్చిందని దాన్ని వదిలేశారా, ఏడాది తిరిగేసరికి అంటు రకం ఎండిపోయి, అసలు చెట్టు కుండీని ఏలుతుంది.