ఇంటి భరిణె, లెక్కకు రాని చేయి: హైదరాబాదు పరిసరాల చెక్కపని చరిత్రలో గృహశ్రమ

తెలుగునాట రంగులద్దిన చెక్క వస్తువుల చరిత్ర సాధారణంగా రెండు ఆధారాలపై నిలుస్తుంది. ఒకటి ఊరు, రెండవది పోషకుడు. నిర్మల్ పేరు వినగానే నిజాం ఆదరణ, ఏటికొప్పాక అనగానే జమీందారుల ప్రోత్సాహం, కొండపల్లి అనగానే కోట, రాజాస్థానం ప్రస్తావనకు వస్తాయి. దశావతారాల బొమ్మకూ అంబారీ ఏనుగుకూ ఈ చరిత్రలో దక్కిన స్థానం కుంకుమ భరిణెకు గాని నగల పెట్టెకు గాని పూలబుట్టకు గాని దక్కలేదు. ఇవి చిన్న వస్తువులు, నిత్యం వాడుకలో అరిగిపోయేవి. అయితే ఇంట్లో వాడే ఈ వస్తువులు చాలావరకు ఇంట్లోనే రూపొందేవి కూడా. అందువల్ల చెక్కపనిలో ఇంటిల్లిపాది శ్రమ ఎట్లా పంచబడిందో, అందులో ఏ భాగం లిఖిత చరిత్రకెక్కిందో, ఏది ఎక్కలేదో తెలుసుకోవడానికి బొమ్మ కంటె భరిణెయే మెరుగైన ఆధారం. పదజాలం, తయారీ విధానం, జనగణన నిర్వచనాలు అనే మూడు ఆధారాలతో ఈ విషయాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. పరిశీలనకు కేంద్రం బేగంపేట, దాని చుట్టుపట్ల ఉన్న జంటనగరాల ప్రాంతం.

1. పదాల సాక్ష్యం

వస్తువులను దాచుకునే సాధనాలకు తెలుగులో ఉన్న పేర్లు ఆకారాన్ని మాత్రమే చెప్పవు, చేసినవారిని కూడా చెబుతాయి. పెట్టె పలకలను కూర్చి చేసేది, అది వడ్రంగి పని. బుట్ట, గంప, తట్ట, చేట వెదురు బద్దలతో అల్లేవి, అవి మేదరుల పని. భరిణె కర్రను తరిమెన మీద తిప్పి, లోపల తొలిచి, మూత అమర్చి చేసేది. పలక, బద్ద, దుంగ అనే మూడు ముడిరూపాల నుంచి మూడు పనితనాలు, మూడు పదకుటుంబాలు ఏర్పడ్డాయి.

ఈ పదాల వయస్సు కూడా ఒకటి కాదు. పెట్టె ద్రావిడ భాషల ఉమ్మడి పదం. తమిళ మలయాళాల్లో పెట్టి, కన్నడంలో పెట్టిగె దీనికి జ్ఞాతులు. పేటిక, మంజూష సంస్కృతం నుంచి కావ్యభాషలోకి వచ్చినవి. తెలంగాణ వాడుకలోని సందుగ అరబ్బీ మూలమైన సందూక్ నుంచి పారశీ, ఉర్దూల మీదుగా వచ్చింది. చెక్క మీద, గుడ్డ మీద చిత్రించేవారికి స్థిరపడిన నకాషీ అనే పేరు కూడా ఆ మార్గంలోనే చేరింది. ఒకే ఇంట్లో కుంకుమ భరిణెలోను, పట్టుచీర సందుగలోను, వడ్లు గంపలోను ఉన్నాయంటే దక్కను చరిత్రలోని వేర్వేరు పొరలు ఆ ఇంటి మూలల్లో పక్కపక్కనే ఉన్నాయన్న మాట.

భద్రిరాజు కృష్ణమూర్తి నిర్మించిన మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ సంపుటం 1962లో, చేనేత సంపుటం 1971లో వెలువడ్డాయి. వృత్తిదారుల నోటిమాటను శాస్త్రీయంగా సేకరించవచ్చునని, అది సామాజిక చరిత్రకు ఆధారమవుతుందని ఆ కృషి నిరూపించింది. అయితే చెక్కపని పదజాలాన్ని పరిశీలించేటప్పుడు ఒక భేదాన్ని గుర్తుంచుకోవాలి. ఉలి, బాడిస, తోపడ, రంపం వంటివి వృత్తిదారుని పనిముట్లుగా వెంటనే గుర్తింపు పొందుతాయి. నూరడం, ఉడికించడం, వడగట్టడం, అలకడం, మెత్తడం వంటి క్రియలు మాత్రం వంటింటి మాటలుగానే మిగిలిపోతాయి. చెక్క భరిణెకు, పెట్టెకు అందం తెచ్చే పనిలో సగం ఈ రెండవ వర్గం క్రియల్లోనే ఉంది.

2. చెక్కపని, పూతపని

కొండపల్లిలో వాడేది తెల్లపొనికి కర్ర. నిర్మల్ బొమ్మలకూ పొనికి జాతి కర్రే ఆధారం. ఇది తేలికగా, మెత్తగా ఉండి ఉలికి సులభంగా లొంగుతుంది. అవయవాలను విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. మక్కు ఆరిన తరువాత నునుపు చేసి, తెల్లని పూత వేసి, దాని మీద రంగులు దిద్దుతారు. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ కుటుంబాలు పటానికి గుడ్డను సిద్ధం చేసే విధానమూ దీనికి దగ్గరగానే ఉంటుంది. గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల అంబలి, జిగురు కలిపి పొరలు పొరలుగా పట్టిస్తారు. పటం చూపి కథ చెప్పే ఆచారం తగ్గిన తరువాత ఆ చిత్రకారుల కుంచె చెక్క పెట్టెల మీదికి, పళ్ళేల మీదికి, కలందానుల మీదికి మళ్ళింది.

ఏటికొప్పాక పద్ధతి వేరు. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఈ గ్రామంలో అంకుడు కర్రను తరిమెన మీద తిప్పుతూ భరిణె ఆకారం తెస్తారు. తిరుగుతున్న కర్రకు రంగు కలిపిన లక్క కడ్డీని ఆనించినప్పుడు రాపిడి వేడికి లక్క కరిగి సమంగా పరచుకుంటుంది. ఆ మీద మొగలి ఆకుతో ఒత్తి మెరుగు పెడతారు. పసుపు నుంచి పచ్చరంగు, నీలిమందు నుంచి నీలం, జాఫ్రా గింజల నుంచి నారింజ, ఎరుపు వన్నెలు తీసే సహజవర్ణ విధానాన్ని పునరుద్ధరించిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ పురస్కారం లభించింది.

ఈ పద్ధతుల్లోని పదార్థాలను ఒకచోట చేర్చి చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. చింతగింజలు, గంజి, సుద్ద, పసుపు, జిగురు ఇంటికి పరాయి వస్తువులు కావు. వాటిని సిద్ధం చేయడానికి కావలసినవి రోలు, సన్నికల్లు, పొయ్యి, కుండ. చింతగింజలను నానబెట్టి, నూరి, అడుగంటకుండా కలుపుతూ ఉడికించడానికి వంటలో ఆరితేరిన చేయి కావాలి. అంబలి పలచనైతే పూత నిలవదు, చిక్కనైతే ఆరిన తరువాత పగుళ్ళు వస్తాయి. ఆ పాకం తెలిసినవారు కొండపల్లి, చేర్యాల వంటి చోట్ల ఎక్కువగా కుటుంబంలోని స్త్రీలు. రంగులు నింపడంలోనూ వారి పాలు ఉంది. మేదర కుటుంబాల్లో బద్దలు చీల్చడం, అల్లడం స్త్రీపురుషులిద్దరి పని. ఇల్లు ఇక్కడ పని జరిగే స్థలం మాత్రమే కాదు, పనిముట్లను, పదార్థాలను, నైపుణ్యాన్ని సమకూర్చిన వ్యవస్థ.

3. బేగంపేట పరిసరాలు: ఇంటి నుంచి కార్ఖానాకు

బేగంపేట పేరు వెనుక ఒక వివాహ కథ ప్రచారంలో ఉంది. నిజాం కుమార్తె బషీరున్నిసా బేగం పైగా వంశీయుని వివాహమాడినప్పుడు ఈ ప్రాంతం ఆమెకు కట్నంగా సంక్రమించిందని, అందువల్లనే ఇది బేగంపేట అయిందని స్థలచరిత్రలు చెబుతాయి. తెలుగు ఇళ్ళల్లో సారెతో పాటు వెళ్ళే పెట్టె, భరిణె, బుట్ట కూడా పెండ్లితోనే చేతులు మారే వస్తువులు. పేటకు మాత్రం దానిని పొందిన స్త్రీ పేరు నిలిచింది. పెట్టె మీద పువ్వు దిద్దిన స్త్రీ పేరు ఎక్కడా నిలవలేదు.

1874లో వాడి, సికింద్రాబాదుల మధ్య నడిచిన రైలుమార్గం ఈ ప్రాంతం మీదుగానే సాగింది. 2008 మార్చి వరకు నగర విమానాశ్రయం ఇక్కడే ఉండేది. సంస్థాన కాలపు ఉన్నత కుటుంబాల నివాసాలు, సికింద్రాబాదు దండు, రాకపోకల సౌకర్యం కలిసి ఈ భాగాన్ని అలంకార వస్తువులు కొనే నగరప్రాంతంగా తీర్చాయి. 1937 నుంచి 1941 వరకు సంస్థాన ప్రధానిగా ఉన్న అక్బర్ హైదరీ సతీమణి లేడీ హైదరీ నిర్మల్ కళాకారులను హైదరాబాదుకు రప్పించి ప్రోత్సహించారన్నది కళాచరిత్రల్లో సుప్రసిద్ధం. బేగంపేటకు చేరువలోని ఖైరతాబాదులో నిర్మల్ పనికి కార్ఖానా, విక్రయశాల ఏర్పడ్డాయి. నగల పెట్టెలు, పళ్ళేలు, బల్లలు, గోడ చిత్రాలు అక్కడి సరుకయ్యాయి.

ఈ వలస వల్ల మారింది ఊరు మాత్రమే కాదు. నల్లని నేల మీద బంగారు వన్నె మెరిసే నేటి నిర్మల్ పనికి ముఖ్య సాధనం డ్యూకో రంగు. 1920లలో మోటారు కార్ల కోసం అమెరికాలోని డ్యూపాంట్ సంస్థ విపణిలోకి తెచ్చిన పూత ఇది. దీనిని సమంగా పట్టించడానికి చిమ్మే యంత్రం కావాలి, ఘాటైన వాసన పోవడానికి గాలి ఆడే చోటు కావాలి, ధూళి తగలకుండా ఆరబెట్టే ఏర్పాటు కావాలి. వంటింటి పక్కన, పిల్లలు తిరిగే వసారాలో చేయదగిన పని కాదిది. చింతగింజల అంబలి పనిని ఇంటికి కట్టివేస్తే, డ్యూకో దానిని కార్ఖానాకు లాగింది. కార్ఖానాలో కూలి వ్యక్తికి లెక్క కడతారు. ఇంట్లో కుటుంబమంతా కలిసి చేసిన పని నగరంలో నమోదైన కొందరి పనిగా మారే అవకాశం ఈ సాంకేతిక మార్పులోనే ఉంది. నిర్మల్ చరిత్రను కేవలం పోషకుల మార్పుగా వ్రాసినప్పుడు ఈ పరిణామం మరుగున పడుతుంది.

4. జనగణనలో ఇల్లు

స్వాతంత్ర్యానంతరం చేతిపనులకు ప్రభుత్వ స్థాయిలో గుర్తింపు పెరిగింది. 1952లో అఖిల భారత హస్తకళల మండలి ఏర్పడింది. 1961 జనగణన ఆంధ్రప్రదేశ్‌లోని ఎంపిక చేసిన చేతిపనులపై ప్రత్యేక అధ్యయనాలను వెలువరించింది. ఆ జనగణనే ‘గృహ పరిశ్రమ’ను శ్రామిక వర్గీకరణలో ప్రత్యేక విభాగంగా నిలిపింది. కుటుంబ యజమాని, ప్రధానంగా ఆ కుటుంబ సభ్యులు కలిసి నడిపేది గృహ పరిశ్రమ. గ్రామంలో అయితే అది ఆ గ్రామ పరిధిలో ఎక్కడైనా సాగవచ్చు, పట్టణంలో అయితే ఇంటి ఆవరణలోనే సాగాలి.

ఈ నిర్వచనం చెక్కపనికి ఎట్లా వర్తిస్తుందో గమనించాలి. నిర్మల్ ప్రాంతపు గ్రామంలో పొరుగింటి అరుగు మీద కూర్చుని కుటుంబం చేసే పనీ గృహ పరిశ్రమే. అదే కుటుంబం బేగంపేటకు వచ్చి, ఇరుకింట్లో చోటు చాలక వీధి చివర గది తీసుకుంటే ఆ పని గృహ పరిశ్రమ పరిధి దాటిపోతుంది. పని అదే, మనుషులు వారే. మారింది గడప.

దీనికంటె లోతైన మార్పు 1971లో వచ్చింది. 1961లో క్రమబద్ధమైన పని విషయంలో గణనకు ముందరి పక్షం రోజుల్లో ఒక్కరోజు పనిచేసినా శ్రామికులుగా లెక్కించారు. కాలానుగుణమైన పని అయితే ఆ కాలంలో అధికభాగం రోజుకు ఒక గంటకు మించి చేస్తే చాలు. 1971లో ప్రతి వ్యక్తి ‘ముఖ్య వ్యాపకం’ ఏమిటని అడిగారు. ఇంటిపనే తమ ముఖ్య వ్యాపకమని చెప్పిన స్త్రీలు శ్రామికేతరుల్లో చేరారు, వారు చేసే ఇతర పని గౌణంగా నమోదైంది. ఆ జనగణనలో దేశవ్యాప్తంగా స్త్రీ శ్రామికుల సంఖ్య ఒక్కసారిగా పడిపోవడానికి ఈ నిర్వచన భేదం ప్రధాన కారణమని గణాంకవేత్తలు, ఆర్థికవేత్తలు విస్తృతంగా చర్చించారు. ఉదయం వంట ముగించి, మధ్యాహ్నం భరిణెలకు పూత వేసి, సాయంత్రం మళ్ళీ పొయ్యి వెలిగించే స్త్రీ 1961లో శ్రామికురాలు, 1971లో గృహిణి. ఆమె చేతిలోని కుంచె మారలేదు, ఆమెను అడిగిన ప్రశ్న మారింది.

1981లో ముఖ్య శ్రామికులు, ఉపాంత శ్రామికులు అనే విభజన వచ్చింది. 1991లో కుటుంబ వ్యాపకంలో వేతనం లేకుండా చేసే పనిని కూడా చేర్చి అడగాలని ప్రశ్నలోనే స్పష్టం చేశారు. ఇరవై ఏళ్ళ తరువాత జరిగిన ఈ సవరణ లోపం ఎక్కడుందో అంగీకరించినట్లే. అయితే పాత పట్టికల ఆధారంగా చేతిపనుల క్షీణతను గురించి వ్రాసేవారు ఎందరు పని మానేశారో, ఎందరు పనిచేస్తూనే లెక్క తప్పారో వేరు చేసి చూడడం అవసరం.

5. పేరు, హక్కు

ఈ లెక్క ఇప్పటికీ ముగిసిపోయిన విషయం కాదు. 1999లో చేసిన భౌగోళిక గుర్తింపు చట్టం 2003 సెప్టెంబరులో అమలులోకి వచ్చింది. నిర్మల్ చేతిపనికి 2009లో, ఏటికొప్పాక బొమ్మలకు 2017లో ఆ గుర్తింపు లభించింది. ఈ చట్టం సరుకును ఊరితో ముడిపెడుతుంది. ఆ పేరును వాడుకునే చట్టబద్ధమైన హక్కు కోసం ఉత్పత్తిదారులు ‘అధీకృత వినియోగదారులు’గా నమోదు కావాలి. ఉత్పత్తిదారు ఎవరన్న పాత ప్రశ్న ఇక్కడ మళ్ళీ తలెత్తుతుంది. ఉలి పట్టినవారా, మక్కు కలిపినవారా, రంగు దిద్దినవారా? నమోదు, గుర్తింపు కార్డు, పింఛను, శిక్షణ, ప్రదర్శనశాలలో స్థలం వంటివన్నీ ఈ సమాధానాన్ని అనుసరించే ఉంటాయి. ఇంటి యజమాని పేరు ఒక్కటే పట్టికలో ఉంటే, అతని తదనంతరం అదే పని కొనసాగించే స్త్రీ తాను కళాకారిణినని కొత్తగా నిరూపించుకోవలసి వస్తుంది.

ఉపసంహారం

పై పరిశీలన వల్ల తేలే అంశాలు మూడు. మొదటిది, అలంకృతమైన చెక్క భరిణె ఒక్క వృత్తిదారుని సృష్టి కాదు. వడ్రంగి పనికీ వంటింటి పనికీ మధ్య ఏర్పడిన పొత్తు దానికి మూలం. రెండవది, హైదరాబాదులో ఈ పని రూపాంతరం చెందడానికి పోషకుల అభిరుచితో పాటు రంగు పదార్థంలో వచ్చిన మార్పును కూడా కారణంగా లెక్కించాలి. మూడవది, గృహశ్రమ అదృశ్యం కావడంలో నిర్వచనాల పాత్ర తక్కువది కాదు.

వృత్తిపదకోశ నిర్మాణంలో తెలుగు పరిశోధన సాధించిన అనుభవం ఇక్కడ ఉపకరిస్తుంది. చెక్కపని పదాలను సేకరించేటప్పుడు ఉలి దగ్గర ఆగకుండా పొయ్యి దగ్గరకు కూడా వెళ్ళాలి. అంబలి పాకానికి, మక్కు చిక్కదనానికి, పూత ఆరిన తీరుకు, కుంచె వెంట్రుకల మెత్తదనానికి ఆయా ఇళ్ళల్లో ఉన్న మాటలను చెప్పినవారి పేరుతో, ఊరితో సహా నమోదు చేయాలి. జనగణన పట్టిక ఒక మనిషిని ఏ గడిలో వేసినా, ఆమె వాడిన సాంకేతిక పదం ఆమె ఆ పని చేసిందనడానికి సాక్ష్యంగా నిలుస్తుంది. ఆ పదాలు తెలిసిన తరం ఉండగానే ఈ సేకరణ జరగాలి.