సైబరాబాద్ వంటిళ్లలో క్రిస్మస్ కేకు, కుక్క కూడు

1998 నవంబర్ 22న నాటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించేనాటికి దాని చుట్టూ ఉన్న మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి రంగారెడ్డి జిల్లాలోని గ్రామీణ ప్రాంతాలే. ఈ ప్రాంత చరిత్రను భూముల ధరలతోనూ భవనాల అంతస్తులతోనూ చెప్పడం పరిపాటి అయింది. వంటింటి వైపు నుంచి చూస్తే మాత్రం రెండు ఎదురెదురు ప్రయాణాలు కనిపిస్తాయి: బేకరీ నుంచి వచ్చే క్రిస్మస్ కేకు క్రమంగా ఇంటి వంటగా మారగా, ఇంటి పొయ్యి మీది నుంచే అందే కుక్క కూడు ప్యాకెట్‌లోకి చేరింది.

ఒకప్పుడు తెలంగాణ మెట్ట గ్రామాలలో జొన్నలే నిత్యాహారం. విసుర్రాయితో విసిరిన జొన్నరవ్వను ఉడికిస్తే గటక అయ్యేది. పిండిని వేడినీళ్లతో పిసికి, చేత్తో తట్టి, పెనం మీద కాలిస్తే రొట్టె అయ్యేది. కట్టెల పొయ్యి, కుండ, పెనం ఉంటే చాలిన ఈ వంటకు ఓవెన్ అవసరమే లేదు. కుక్కకు వేరుగా వండే ఆనవాయితీ కూడా లేదు. మిగిలిన గటక, అడుగంటిన అన్నం, మజ్జిగ మెతుకులు, కూర వండిన నాడు ఎముకలు దాని వాటా కాగా, మనుషులకు అర్ధాకలి అయిన కరువు రోజుల్లో దానికీ అర్ధాకలే మిగిలేది.

క్రిస్మస్ కేకు ఈ నేలకు సికింద్రాబాద్ మీదుగా వచ్చింది. 1806లో మూడవ నిజాం సికందర్ జా పేరిట ఏర్పడిన కంటోన్మెంటులో ఆంగ్లేయ సైనిక కుటుంబాలు, 1874లో వాడి జంక్షన్ నుంచి రైలుమార్గం వచ్చిన తరువాత రైల్వే ఉద్యోగాలలో స్థిరపడిన ఆంగ్లో ఇండియన్లు ఎండుఫలాల కేకును పండుగ వంటగా నిలిపారు. తెలుగు క్రైస్తవుల పండుగ మాత్రం చాలాకాలం నూనె మూకుడు చుట్టూనే తిరిగింది. మిషనరీ ఛార్లెస్ వాకర్ పోస్నెట్ పూనికతో, కరువు బాధితులకు పనీ తిండీ కల్పిస్తూ కట్టిన మెదక్ చర్చి 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠితమయ్యే కాలానికి, తెలుగు ఇళ్లలో పండుగ అంటే అరిసెలు, గరిజెలు, మురుకుల వంటి పిండివంటలే. కోస్తాలో కజ్జికాయలనే వాటినే తెలంగాణలో గరిజెలంటారు.

ఈ పిండివంటలలో ఐరోపా జాడ స్పష్టంగా కనిపించేది గులాబీ పూలలో. పొడుగాటి కాడకు బిగించిన లోహపు పూల అచ్చును ముందుగా కాగిన నూనెలో ఉంచి, వేడెక్కాక కోడిగుడ్డు, కొబ్బరిపాలు కలిపిన పలుచని పిండిలో ముక్కాలు వంతు మాత్రమే ముంచి, తిరిగి నూనెలో పెడితే పువ్వు దానంతట అదే విడివడుతుంది. అచ్చు చల్లారితే పిండి పట్టదు, పూర్తిగా మునిగితే పువ్వు ఊడిరాదు. ఇదే తరహా అచ్చును స్కాండినేవియా దేశాలలోనూ క్రిస్మస్‌కు వాడతారు.

ఓవెన్ లేని ఇళ్లకు కేకు విషయంలో రెండు దారులుండేవి. మొదటిది, ఇంట్లో కలిపిన పిండిని పేటలోని బేకరీకి తీసుకెళ్లి, బట్టీలో, అంటే కట్టెలతో వేడెక్కించిన ఇటుకల గూడులో, కాల్పించుకోవడం. రెండవది, అడుగున ఇసుక పోసిన డేగిసాలో కేకు గిన్నె పెట్టి, మూత మీద కూడా నిప్పులు పోయడం. కిందా పైనా నిప్పు పెట్టి ఆవిరి బయటికి పోకుండా మగ్గబెట్టడాన్నే దమ్ అంటారు గనుక, హైదరాబాద్ బిరియానీ పద్ధతికి కేకు ఇలా దగ్గరి చుట్టమైంది. తరువాత డేగిసా స్థానాన్ని ప్రెషర్ కుక్కర్ ఆక్రమించినా, అడుగున ఇసుకో ఉప్పో పోసే అలవాటు మాత్రం కొనసాగింది.

1999లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీపం పథకంతో పేద మహిళలకు గ్యాస్ కనెక్షన్లు ఇవ్వడం మొదలుపెట్టిన ఆ కాలంలోనే హైటెక్ సిటీ చుట్టూ అపార్ట్‌మెంట్లు లేవసాగాయి. గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల నుంచీ ఇతర రాష్ట్రాల నుంచీ వచ్చిన ఉద్యోగులు అరిసెల పాకాన్నీ ఓటీజీనీ ఒకే గట్టు మీదికి చేర్చారు. ఓటీజీ అంటే కరెంటుతో నడిచే చిన్న ఓవెన్. డిసెంబర్‌కు వారాల ముందే ఎండుద్రాక్షను రమ్ములోనో ద్రాక్షరసంలోనో నానబెట్టే పాత కంటోన్మెంటు పద్ధతిని నక్షత్ర హోటళ్లు కేక్ మిక్సింగ్ పేరుతో వేడుకగా మార్చాయి. ఆ వేడుకలో ఫొటోలదే పెద్దపీట కాగా, ఓపికతో చేయవలసిన అసలు పని ఇళ్లలోనే జరుగుతున్నది.

కుక్క కూడు నడిచిన దారి ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. 1860 ప్రాంతంలో లండన్ రేవులో ఓడ బిస్కెట్లను కుక్కలు ఆబగా తినడం చూసి, జేమ్స్ స్ప్రాట్ అనే అమెరికన్ వ్యాపారి కుక్కల బిస్కెట్లు తయారుచేశాడని ప్రతీతి. వాటిని ఆయన అమ్మింది కూడా కేకుల పేరుతోనే. ఆ పరిశ్రమ తెలంగాణకూ విస్తరించి, మార్స్ సంస్థ పెంపుడు జంతువుల ఆహార కర్మాగారం సిద్దిపేట జిల్లాలో నడుస్తున్నది. పొద్దున వెళ్లి రాత్రికి తిరిగివచ్చే ఉద్యోగుల ఇళ్లలో ప్యాకెట్ నిలదొక్కుకోవడంలో వింత లేదు. 2018లో నగరపాలక సంస్థ కొండాపూర్‌లో కుక్కల కోసమే ప్రత్యేకంగా పార్కు తెరిచిందంటే వాటి పోషణ ఎంతగా పెరిగిందో ఊహించవచ్చు.

ఈ రెండు చరిత్రలు డిసెంబర్‌లో ఒకే వంటింట్లో ఎదురుపడతాయి. కేకులోని ఎండుద్రాక్ష కుక్క మూత్రపిండాలను దెబ్బతీయగలదు, చాక్లెట్ విషతుల్యం, బగారా అన్నంలోనూ మాంసం కూరలోనూ ఉండే ఉల్లి, వెల్లుల్లి దాని రక్తకణాలకు హాని చేస్తాయి. మిగిలినది పెట్టే పాత పద్ధతి పండుగ నాడు పనికిరాకపోవడంతో, ప్యాకెట్ వద్దనుకున్న ఇళ్లు కుక్క కోసం ఉప్పూ మసాలా లేకుండా ఉడికించిన కోడిమాంసం, అన్నం, గుమ్మడి ముక్కలతో వేరే గిన్నె పెడుతున్నాయి. జొన్నలు విసిరిన కాలంలో ఏ పొయ్యి మీదా లేని గిన్నె అది.