356 మైళ్ళ కారు – 27 బస్సులు



మన సంస్థ చరిత్ర చెప్పమంటే మనలో ఎవరైనా సరే, 1932వ సంవత్సరం, 27 బస్సులు, 166 మంది సిబ్బంది అని గడగడా చెప్పేస్తారు. పదవీ విరమణ సన్మాన సభల్లో ఈ మూడు అంకెలూ వినని వాళ్ళుండరు. కాని ఆ బస్సులు ఎక్కడివి, ఎందుకు వచ్చాయి, ఆ రోజుల్లో వాటిని నడిపినవారి కష్టం ఎలాంటిది అని మన మనవలు అడిగితే మాత్రం తడుముకుంటాం. ఈ మధ్య హైదరాబాదు పాతబస్తీలోని చౌమహల్లా ప్యాలెస్‌లో పాత వాహనాలు చూసి వచ్చిన తరువాత, ఈ ప్రత్యేక సంచికకు ఆ సంగతులే రాయాలనిపించింది.

మా అల్లుడికి పాత కార్లంటే మహా ఇష్టం. అటువంటి సరదా ఉన్న పదిహేను ఇరవై మంది కలిసి ఒక క్లబ్బుగా ఏర్పడి, నెలకో ఆదివారం తమ పాత కార్లలో ఎక్కడికైనా వెళ్ళి వస్తుంటారు. "మావయ్యగారూ, మీరూ మీ స్నేహితులూ రండి. మాకు కార్లు కొనడమే వచ్చు, వాటి లోపలి సంగతి మీకే తెలుసు" అని పిలిచాడు. గ్యారేజీలో పనిచేసిన నేను, డ్రైవరుగా రిటైరైన ఒక మిత్రుడు, కండక్టరుగా చేసిన మరొక మిత్రుడు వెళ్ళాం.

చౌమహల్లా సంగతి కొంచెం చెప్పాలి. నిజాం సలాబత్ జంగ్ కాలంలో, అంటే 18వ శతాబ్దం మధ్యలో మొదలై, అఫ్జలుద్దౌలా కాలంలో (1857–69) పూర్తయిన భవనాలివి. 1967లో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ మరణించిన తరువాత చాలాకాలం ఆలనాపాలనా లేక పాడుబడ్డాయి. తరువాత బాగు చేయించి 2005లో ప్రజలకు తెరిచారు. ఆ పనికి 2010లో యునెస్కో వారి ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారం కూడా లభించింది. దర్బారు హాలు, దీపాల గుత్తులు చూసి జనం అక్కడే ఆగిపోతారు. మా బృందం మాత్రం గుర్రపు బగ్గీలూ, కార్లూ ఉన్న చోటికి తిన్నగా వెళ్ళిపోయింది. ఉన్నవి కొద్ది బండ్లే. ఒక పూటలో తీరిగ్గా చూడవచ్చు.

వాటిలో అందరి కళ్ళూ పసుపుపచ్చని రోల్స్‌రాయిస్ మీదనే. సిల్వర్ ఘోస్ట్ రకం. దాన్ని సింహాసనం కారు అంటారు. పై కప్పు గుమ్మటంలా ఉంటుంది. వెనుక సీటు సీటులా ఉండదు, సింహాసనంలా ఎత్తుగా ఉంటుంది. లండన్‌లోని బార్కర్ కంపెనీవారు బాడీ కట్టారు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో ఆర్డరిచ్చారు. ఆయన 1911 ఆగస్టులో మరణించగా, కారు వచ్చేనాటికి గద్దె మీద కుమారుడు ఉస్మాన్ అలీ ఖాన్ ఉన్నారు. ఊరేగింపులకూ ఉత్సవాలకూ తప్ప బయటికి తీసేవారు కాదు. ఇన్ని దశాబ్దాలలో ఆ కారు తిరిగింది మొత్తం 356 మైళ్ళు!

మన లెక్కల్లో చెప్పాలంటే దాదాపు 573 కిలోమీటర్లు. హైదరాబాదు నుండి విజయవాడ వెళ్ళి తిరిగి వస్తే 550 కిలోమీటర్లవుతుంది. అంటే రాజుగారి కారు జీవితమంతా తిరిగిన దూరం, మన ఎక్స్‌ప్రెస్ బస్సుకు ఒక్క రానుపోను ప్రయాణం!

ఇందులో ఇంకొక చిత్రం ఉంది. సిల్వర్ ఘోస్ట్‌కు లోకంలో పేరు వచ్చింది అందం వల్ల కాదు, ఆగకుండా తిరగడం వల్ల. 1907లో ఆ రకం కారును లండన్, గ్లాస్గో నగరాల మధ్య పదే పదే అటూ ఇటూ నడిపి 15,000 మైళ్ళ పరీక్ష పెట్టారు. అందులో 14,371 మైళ్ళు దానంతట అది ఆగిపోవడమన్నది లేకుండా నడిచింది. ఆరు సిలిండర్లు, ఏడు లీటర్లకు పైబడిన ఇంజను, తొందరగా అరిగిపోని పనితనం. అంత దూరాలు తిరగడానికి పుట్టిన ఇంజను మన ఊరు వచ్చి గుమ్మటం కింద కూర్చుంది.

క్లబ్బు కుర్రవాళ్ళలో ఒకడు మా డ్రైవరు మిత్రుణ్ణి, "అంకుల్, మీరు సర్వీసులో ఎంత దూరం నడిపి ఉంటారు?" అని అడిగాడు. ఆయన వేళ్ళ మీద లెక్క వేశాడు. "రోజుకు 300 కిలోమీటర్లు అనుకో బాబూ. నెలకు 25 డ్యూటీలు. ఏడాదికి 90 వేలు. ముప్పై ఏళ్ళకు 27 లక్షలు. సెలవులూ, జబ్బులూ, సమ్మెలూ తీసేసినా ఇరవై లక్షలకు తగ్గదు" అన్నాడు. ఆ కుర్రవాడు కారును వదిలేసి ఆయన వంక చూస్తూ ఉండిపోయాడు.

ఇక మన 27 బస్సుల కథకు వద్దాం.

హైదరాబాదు సంస్థానంలో రైళ్ళను మొదట ఒక ఇంగ్లీషు కంపెనీ నడిపేది. 1930లో నిజాం ప్రభుత్వం ఆ కంపెనీ నుండి రైల్వేను కొనేసింది. సరిగ్గా అదే కాలంలో దేశమంతటా ప్రైవేటు మోటారు బస్సులు రైళ్ళతో పోటీకి దిగాయి. రైలు పట్టాల పక్కనే రోడ్డు ఉన్నచోట జనం బస్సు ఎక్కేవారు. బ్రిటిషు ఇండియాలో ఈ పోటీ ఏం చేయాలా అని కమిటీలు వేసి విచారిస్తుండగా, ఇక్కడ మాత్రం రైల్వే శాఖే బస్సులు నడపాలని నిర్ణయించారు. అలా 1932 జూన్ నెలలో నిజాం స్టేట్ రైల్వే రోడ్ ట్రాన్స్‌పోర్ట్ డిపార్ట్‌మెంట్ పుట్టింది. పెట్టుబడి 3.93 లక్షల రూపాయలు. ప్రయాణికుల బస్సులను ప్రభుత్వమే నడపడం మన దేశంలో ఇక్కడే మొదలైందని చెబుతారు. కొంతకాలానికి అదే రైల్వే శాఖ విమానాలలో కూడా భాగం పంచుకుంది. రైలు, రోడ్డు, విమానం మూడింటినీ ఒకే గొడుగు కింద చూసిన శాఖ అది.

ఆ తొలి బస్సులు ఆల్బియన్ కంపెనీవి. స్కాట్లాండులోని గ్లాస్గోలో 1899లో స్థాపించిన కంపెనీ అది. సిల్వర్ ఘోస్ట్ పరీక్షకు నిలిచిన ఊరు, మన బస్సులు పుట్టిన ఊరు ఒకటే కావడం విశేషం. ఆల్బియన్ వారి గుర్తు ఉదయించే సూర్యుడు. సూర్యోదయం ఎంత ఖాయమో మా బండి కదలడం అంత ఖాయం అని వారి ప్రకటన. 1951లో ఆ కంపెనీని లేలాండ్ వారు కొన్నారు. ఇటు మన దేశంలో మద్రాసు దగ్గర ఎన్నూరులో 1948లో స్థాపించిన అశోక్ మోటార్స్, అదే లేలాండ్‌తో చేయి కలిపి 1955లో అశోక్ లేలాండ్ అయింది. మనలో చాలామంది చేతికి గ్రీజు అంటించిన ఇంజన్లు అవే. 1954లో జర్మనీ బెంజి కంపెనీతో ఒప్పందం చేసుకున్న టాటా వారి బండ్లు రెండవ రకం. ఈ రెండింటి చప్పుడునూ కళ్ళు మూసుకుని గుర్తుపట్టగల మెకానిక్కులు మన సంఘంలో ఇప్పటికీ ఉన్నారు.

ఆ రోజుల పని ఎలా ఉండేదో మా సీనియర్లు చెబితే విన్నాను. చలికాలం తెల్లవారుజామున బండి స్టార్టు కావాలంటే ముందు హ్యాండిలు పెట్టి తిప్పాలి. పట్టు తప్పితే హ్యాండిలు వెనక్కి తన్ని మణికట్టు విరిగేది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో (1939–45) పెట్రోలు దొరక్క దేశమంతటా బొగ్గు బస్సులు వచ్చాయి. సర్కారు జిల్లాల్లోనూ ప్రైవేటు యజమానులు వాటిని నడిపారు. బస్సు వెనుక పెద్ద పీపా ఉండేది. అందులో కర్రబొగ్గు వేసి, గాలి చాలీచాలకుండా పంపి మండిస్తే గ్యాసు పుడుతుంది. దాన్ని చల్లార్చి, వడకట్టి, ఇంజనుకు పంపేవారు. క్లీనరు తెల్లవారకముందే వచ్చి చక్రం తిప్పి నిప్పు రాజేయాలి. ఆ గ్యాసుకు పెట్రోలంత శక్తి లేదు కనుక ఎత్తు వస్తే ప్రయాణికులు దిగి నడిచేవారు, అవసరమైతే తోసేవారు కూడా. పైగా అది ప్రాణాలు తీసే విషవాయువు. మూసిన షెడ్డులో పీల్చితే మనిషి లేవడు. ఆ మసిలో బతుకు వెళ్ళదీసిన క్లీనర్ల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు.

1951 నవంబరు 1న మన శాఖ రైల్వే నుండి విడిపోయి హైదరాబాదు ప్రభుత్వం కిందికి వచ్చింది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. 1958 జనవరి 11న ఏపీఎస్‌ఆర్టీసీ అవతరించింది. 1999లో 18,397 బస్సులతో ప్రపంచంలోనే అతి పెద్ద బస్సుల సంస్థగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. 27 నుండి 18,397కు 67 ఏళ్ళు పట్టింది. 2014లో రాష్ట్రం విడిపోయిన తరువాత సంస్థ కూడా రెండయింది. అయినా అటువారికీ ఇటువారికీ 1932 ఒకటే. ఆర్టీసీ బస్సు నంబరులో వచ్చే జెడ్ అక్షరం ఏడవ నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీద పెట్టిందని డిపోల్లో తరతరాలుగా చెప్పుకునే మాట కూడా ఇద్దరికీ ఉమ్మడి ఆస్తే.

చౌమహల్లాలో నన్ను ఆలోచింపజేసింది ఒకే ఒక్క విషయం. ఎక్కువ తిరగని బండి మిగిలింది. తిరిగి తిరిగి అరిగిన బండి మిగలలేదు. ఇందులో ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. బస్సు ఉన్నది పనికోసం. లక్షల కిలోమీటర్లు తిరిగాక కండెమ్ చేస్తారు, పనికొచ్చే సామాను తీసుకుంటారు, మిగతాది వేలంలో తుక్కు కింద పోతుంది. ఆ డబ్బుతో కొత్త బండి వస్తుంది. సంస్థ నడవాలంటే అదే పద్ధతి. డెక్కన్ క్వీన్ పేరుతో ఒక ఆల్బియన్‌ను మనవాళ్ళు పదిలంగా ఉంచినందుకు చేతులెత్తి నమస్కరించాలి. ఆల్బియన్ కంపెనీ కాగితాలను కూడా స్కాట్లాండులో బిగ్గర్ అనే చిన్న పట్టణంలో భద్రపరిచారు. కంపెనీ పోయినా ఏ బండి ఎప్పుడు తయారైందో చూసుకునే వీలు అక్కడ ఉంది.

రాజుగారి కారును దాచడానికి ప్యాలెస్ ఉంది. మన బండిని, మన పనిని దాచవలసింది మనమే. బస్సును ఇంట్లో పెట్టుకోలేం, నిజమే. కాని టిక్కెట్ల ట్రే, పంచింగ్ మిషను, తోలు సంచి, ఇత్తడి బ్యాడ్జి, పాత యూనిఫారం, రూటు బోర్డు, డిపో ఫోటో, మొదటి పోస్టింగ్ ఆర్డరు... ఇవన్నీ మన అటకల మీద ఉన్నాయి. మా కండక్టరు మిత్రుడు ఆ రోజు జేబులోంచి పాత పంచింగ్ మిషను తీసి ఒక కాగితానికి చిల్లు పెడితే, క్లబ్బు పిల్లలు రోల్స్‌రాయిస్ ముందు నిలబడినంత సేపు దాని చుట్టూ నిలబడ్డారు. ఇప్పుడంతా టిక్కెట్ల మిషన్లే కనుక, చాలామంది దాన్ని చూడటం అదే మొదటిసారి.

కనుక సంఘ సభ్యులకు నా మనవి రెండు ముక్కలు. ఒకటి, పాత సామాను తుక్కువాడికి వేసేముందు సంఘ కార్యాలయంలో ఒకసారి చూపించండి. ఒక బీరువా, గోడకు ఒక అద్దాల పెట్టె చాలు, మన చిన్న మ్యూజియం మొదలవుతుంది. ప్రతి వస్తువు మీద అది ఎవరిది, ఏ డిపో, ఏ సంవత్సరం అని చీటీ అంటిద్దాం. చీటీ లేని వస్తువు పదేళ్ళకు ఎవరిదో తెలియని ఇనుపముక్క అవుతుంది.

రెండవది కుటుంబ సభ్యులకు. మీ ఇంటి పెద్దాయన డ్రైవరైతే ఏ రూట్లు నడిపారో, మెకానిక్కయితే ఏ ఇంజన్లు విప్పారో, కండక్టరయితే ఏ ఏ స్టేజీలు నోటికి వచ్చో అడిగి ఒక నోటు పుస్తకంలో రాయించండి. రాయలేకపోతే వారు చెబుతుంటే మీరు రాయండి, సెల్‌ఫోనులో రికార్డు చేయండి. మాకు ముందు పనిచేసిన తరంలో మిగిలినవారు బహు కొద్దిమంది. హ్యాండిలు ఎలా తిప్పాలో, బొగ్గు పీపా ఎలా రాజేయాలో తెలిసినవారు దాదాపు వెళ్ళిపోయారు. ఆ తొలి 166 మందిలో మనకు పేర్లతో సహా తెలిసినవారు ఎందరు? ఆ జాబితాకు పట్టిన గతి మన జాబితాకు పట్టకూడదు.

వచ్చే సంచికకు మీ నోటు పుస్తకం నుండి కనీసం ఒక పేజీ పంపగలరని ఆశిస్తూ, సభ్యులందరికీ ఆయురారోగ్యాలు కోరుకుంటూ సెలవు.